డీజిల్ డబ్బాలో ఆయిల్

గురువారం, రాత్రి

పొద్దున ఇందుకూరుపేట దాటగానే కారులో ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. వెంటనే ఇంజన్ ఆపేసి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ తీసి చూశాను. ఆయిల్ నిండుగానే ఉంది. భయం అక్కడే పట్టుకుంది. తక్కువైతే పోసుకోవచ్చు. నిండుగా ఉండి కూడా లైటు వెలిగితే?

మెకానిక్ ఖాదర్ వచ్చి మీటరు బిగించి చూశాడు. ఇంజన్‌కి ఆయిల్ ప్రెజరు అందడం లేదు. కడ్డీకి అంటిన ఆయిల్‌ను వేళ్లతో రుద్ది వాసన చూశాడు.

"పెట్రోల్ బండిలో డీజిల్ వాసన ఏందన్నా? ఆయిల్ నీళ్ల మాదిరి అయిపోయింది. ఇట్నే నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. ఎవరు పోసినారు?"

నిన్న బావ పోశాడు. రొయ్యల గుంట దగ్గరి జనరేటర్‌కి డీజిల్ తెచ్చే డబ్బాల్లోనే మేం ఇంజన్ ఆయిల్ కూడా పోసి పెట్టుకుంటాం. అడుగున డీజిల్ ఎంత మిగిలిందో ఎవరూ చూడరు.

ఆయిల్, ఫిల్టర్ మార్చాక లైటు ఆరింది. దారిలో బావకి ఫోన్ చేసి, ఆ డబ్బాలోది ఇంకెక్కడైనా పోశావా అని అడిగాను.

"జనరేటర్లో పోసినా. కరెంటు ఉంది కదా, రేపు మారుద్దాంలే."

సరేనన్నాను. ఎందుకన్నానో.

ఇందాక కరెంటు పోయింది. గుంట నీళ్లకి గాలి అందించే ఫ్యాన్లు ఆగకుండా అటువైపు జనరేటర్ మోగడం మొదలైంది. ఆపమని బావకి ఫోన్ చేశాను.

"ఆపితే ఫ్యాన్లు ఆగిపోతాయి రా. తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. ఆపమంటావా?"

ఫోన్ పెట్టేశాను. ఆ పాత జనరేటర్‌కి హెచ్చరించే లైటు కూడా లేదు. అందుకే కిటికీ తెరిచి వింటున్నాను. ఇంతసేపూ ఒకే తీరుగా మోగింది. ఇప్పుడు మధ్యమధ్యలో ఏదో టకటకమంటోంది.