కరెంటు స్తంభం మీద మా సుజన

మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
పాలగుంట గ్రామ కాపురస్తురాలు, కీ.శే. మునెయ్య భార్య అలివేలమ్మ, వయస్సు సుమారు డెబ్బై, వ్రాసుకున్న అర్జీ.

విషయం: మూడు రోడ్ల కూడలిలో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ నుండి నా మనవరాలు సుజన ఫోటోను దింపించుట గురించి, మరియు స్పాన్సర్ అనగా ఎవరో, వారికి మా మీద ఎంతవరకు హక్కు ఉన్నదో తెలియజేయుట గురించి.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. పోయిన సోమవారం అర్జీల రోజున తమరు దగ్గుతూనే ఉన్నారు. ముందున్న వాళ్లందరి మాటా విని, నా వంతు వచ్చేసరికి తమ గొంతు పోయింది. మిరియాల కషాయం తాగారో లేదో. తమ ఇంట్లో అమ్మగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. కాగితాలు తీసుకునే జ్ఞానాంబ గారి మెడనొప్పి తగ్గిందా? వాకిట్లో బల్ల మీద కూర్చునే జోయల్‌కు మోకాలి వాపు ఎలా ఉంది? ఆముదం రాసుకోమని చెప్పాను, రాసుకున్నట్టు లేదు. తమ ఆఫీసుకు వచ్చి వచ్చి అందరూ నాకు ఇంటి మనుషులైపోయారు. నాకు బీపీ ఉంది. మాత్ర వేసుకునే ఇది రాస్తున్నాను. మూడో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోగలరు.

మా ఇబ్బందులు ఈ దిగువ విన్నవించుకుంటున్నాను.

1. నా కొడుకు మునికుమార్ కాలం చేశాడు. కోడలు కోమలి తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పనికి పోతుంది. వారి ఏకైక కుమార్తె సుజన తొమ్మిదో తరగతి. హైస్కూలు మా ఊరికి దూరం. పిల్ల నడిచి నడిచి కాళ్లు నొప్పులనేది. అప్పుడు ఒక సేవా సంఘం వారు బడికి వచ్చి, తండ్రి లేని పిల్లల్లో సుజనను ఎంచి, నీకు స్పాన్సర్ దొరికారని చెప్పి సైకిలు ఇప్పించారు. ఆ స్పాన్సర్ చిత్తూరులో వ్యాపారం చేసుకునే బాలసుబ్రమణ్యం గారట. మంచి సైకిలు. ఆయన చల్లగా ఉండాలి. సైకిలు మీద మాకు ఎటువంటి ఫిర్యాదు లేదు. ఈ సంగతి మొదటే నమోదు చేసుకోవలసినదిగా ప్రార్థన, లేకుంటే ముసలమ్మకు విశ్వాసం లేదంటారు.

2. ఆనాడే సుజనకు ఫోటో తీశారు. పిల్ల సైకిలు చూసి నవ్వుతూ ఉంటే, ఫోటో తీసే ఆయన "నవ్వద్దు పాపా, కొంచెం దిగులుగా పెట్టు మొఖం" అన్నాడట. మా సుజన మాట వినే పిల్ల. దిగులుగా పెట్టింది. ఆ ఫోటోను ఫ్లెక్సీ చేయించి కూడలిలో కట్టారు. పైన ఆ స్పాన్సర్ పెద్దాయన చేతులు జోడించి ఉంటాడు. కింద మా పిల్ల ఒంటరిగా సైకిలు పట్టుకుని ఉంటుంది. చుట్టూ బంతిపూలు. "తండ్రి లేని సుజనకు అండగా" అని కింద రాశారు. బడికి పోవాలంటే ఆ కూడలి దాటాల్సిందే, ఇంకో దారి లేదు.

3. గూడూరులో నిమ్మకాయల మండీలో పనిచేసే నా తమ్ముడు ఢిల్లీబాబు, వాడి భార్య సత్యవేడులో పెళ్లికని బస్సులో పోతూ ఆ ఫ్లెక్సీ చూశారు. బస్సు ఆపించి దిగి, పూలదండ కొనుక్కుని, మా వాకిట్లోకి వస్తూనే ఏడుపు మొదలుపెట్టారు.

"ఎట్ల పోయిందక్కా బిడ్డ? మాకొక ఫోను చేసేదానికి నీకు చెయ్యి రాలేదా?"

"యాడికి పోయిందిరా? పెరట్లో బోకులు తోమతా ఉండాది గదరా!"

ఆ మాటకు సుజన సబ్బు చేతులతోనే వచ్చి నిలబడింది. దాన్ని చూసి మరదలు మళ్లీ కేక పెట్టింది.

"మరి కూడల్లో ఆ బోర్డేంది వదినా? మొఖాన నవ్వు లేదు, సుట్టూ పూలు, పైన పెద్దాయన దండం పెడతా ఉండాడు. ఎవురు సూసినా ఏమనుకుంటారు?"

"కింద రాసింది సదవలేదా?"

"కండ్లల్లో నీళ్లు పెట్టుకోని ఏం సదివేది? పెండ్లి కూడా ఇడిసిపెట్టి వస్తిమే!"

వాళ్లకు అన్నం పెట్టి పంపించాను. దండ మిగిలింది. చనిపోయిన వాళ్లకని తెచ్చిన దండను ఇంట్లో పెట్టుకోరాదు, వీధిలో వేస్తే ఎవరైనా తొక్కుతారు, మేకకు వేస్తే మేకకు ఏమవుతుందో. చివరకు చిక్కుడు పాదు దగ్గర గుంత తీసి పూడ్చాను. ఆ పాదు ఇప్పుడు సరిగా కాయడం లేదు. మర్నాడు ఉప్పు, మిరపకాయలు తీసుకుని కూడలికి పోయి ఫ్లెక్సీకి దిష్టి తీశాను. అది ఎత్తుగా కట్టి ఉంది. నా చెయ్యి సైకిలు చక్రం దాకానే అందింది. పిల్ల ముఖానికి తీయలేకపోయాను. అది మనసులో పీకుతూనే ఉంది.

4. ఈ సంగతి ఎలాగో బడిలో తెలిసింది. "సచ్చిపోయిన పాప వచ్చిందిరో, జరగండిరో" అని మగపిల్లలు, "స్పాన్సర్ పాపా, నీ రిబ్బను యెవురిచ్చినారు?" అని ఆడపిల్లలు. ఆనాటి నుంచి సుజన బడికి పోవడం లేదు. నడిచి పోయినన్నాళ్లు ఒక్కరోజు మానలేదు. బడికి పోయేందుకని సైకిలు వచ్చాక బడి మానేసింది. వచ్చే ఏడు పదో తరగతి. వాళ్లమ్మ తిట్టి చూసింది, బతిమాలి చూసింది. పేరు కొట్టేస్తారేమోనని నాకు తిండి సయించడం లేదు.

5. పంచాయతీలో చెప్పుకున్నాను. రోడ్డు మాది కాదన్నారు. రోడ్డు వాళ్లు, కట్టింది కరెంటు స్తంభానికి కదా అన్నారు. లైన్‌మన్‌ను అడిగితే, "స్తంభం మాదే అవ్వా, దానికి కట్టింది మాది గాదు" అన్నాడు. ఇప్పుడు ఎవరో పెద్దాయన ముఖానికి నల్లద్దాలు గీశారు. అది మేము కాదు. మా సుజన అసలే కాదు. రేపు మా మీదికి రాకుండా ఈ సంగతి తమ దృష్టికి తెచ్చుకుంటున్నాను.

6. స్పాన్సర్ అంటే ఎవరని తెలుసుకుందామనుకున్నాను. హెడ్మాస్టరు గారు దాత అన్నారు. దాత అంటే సత్రానికి రాయి వేయించిన వాళ్లు, రాయి మీద పేరుంటుంది గానీ అన్నం తినేవాడి ముఖం ఉండదు. క్రికెట్టు ఆడే పిల్లలను అడిగితే చొక్కా వెనక్కి తిప్పి చూపించారు, షాపు పేరు ఉంది. మా కోడలితో పనిచేసే ఆమె చెల్లెలు కువైట్‌లో ఉంది. అక్కడ స్పాన్సర్ ఊఁ అంటే తప్ప ఇంటికి రావడానికి లేదట. అది విన్నప్పటి నుంచి నిద్ర లేదు. పక్కింటి నిర్మలమ్మ చిన్నప్పుడు మిషను హాస్టల్లో చదివింది. "మా స్పాన్సరమ్మ యాడనో తెల్లోళ్ల సీమదేశంలో ఉండేది వదినా. ఏడాదికొక జాబు రాస్తా ఉంటి. మొఖం ఎరగను. ఇప్పుడు ఉండాదో లేదో, దినామూ ప్రార్థనలో తలుచుకుంటా" అంది. మాకు దొరికిన ఆయన వీరిలో ఏ రకమో ప్రభుత్వం వారి కాగితాల ప్రకారం తెలియజేయవలెను. నిర్మలమ్మ చెప్పిన రకమైతే మేము కూడా దినామూ దండం పెట్టుకుంటాము. దానికి ఫ్లెక్సీ అక్కర లేదు.

7. సేవా సంఘం మునిశేఖర్‌కు ఫోను చేసి దింపమని అడిగాను. చెడ్డ పిల్లవాడు కాదు, ఓపికగానే మాట్లాడాడు. "అవ్వా, ఫోటో లేకుంటే ఇచ్చేవాళ్లు ముందుకు రారు. మీ పాప మొఖం సూసే ఇంకో పదిమంది సైకిళ్లు ఇస్తామంటా ఉండారు" అన్నాడు.

"అట్లయితే మా పాప కూడా స్పాన్సరే గదప్పా! మొఖం ఇచ్చింది అదే గదా! ఆ సైకిళ్ల మింద దాని పేరు గూడా రాయండి" అన్నాను.

నేనే భయపడి ఫోను పెట్టేశాను. ఎక్కువ మాట్లాడానేమో. దీని మీద సైకిలు వెనక్కి అడుగుతారేమోనని అప్పటి నుంచి దాన్ని నడింట్లో మంచానికి ఆనించి పెట్టాము.

కావున తమరు దయతలచి, ఆ స్తంభం ఎవరిదైనా, రోడ్డు ఎవరిదైనా, దాని మీద ఉన్న పిల్ల మాది గనుక, సదరు ఫ్లెక్సీని దింపించవలసినదిగా ప్రార్థించుచున్నాను. నాకు ఇంక తిరిగే ఓపిక లేదు. ఈ నాలుగు మాటలూ చిత్తగించవలెను. చిత్తగించి, ఒక మనిషిని నిచ్చెనతో పంపవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
అలివేలమ్మ (సంతకం నాదే, కొంచెం వంకర పోయింది)
ఫిబ్రవరి 2, సోమవారం

మనవి: ఇది మడిచి సంచిలో పెట్టుకునే లోపల మునిశేఖర్ ఫోను చేశాడు. స్పాన్సర్ గారు స్వయంగా వస్తున్నారట, పాపను సైకిలుతో తీసుకొచ్చి ఫోటోకు కూడలిలో నిలబెట్టమన్నాడు. కొత్త ఫ్లెక్సీ సంగతి వాడు చెప్పలేదు, నేను అడగలేదు. సుజనకు చెప్పాను. మంచానికి ఆనించిన సైకిలు టైరు నొక్కి చూసింది. తర్వాత, "రానీలే అవ్వా. నన్ను సైకిలు పట్టుకోని నిలబడమంటే మాత్రం నిలబడను. నేను తొక్కతా పోతాంటే ఆయన్నే ఆడ నిలబడి సూసుకోమను" అంది.

"అంటే బడికి పోతావా?" అన్నాను.

"ఆ బోర్డు లేకుంటే పోతా."

అయ్యా, నిచ్చెన ఆలోపే రావలెను. ఆయన వచ్చేది ఫిబ్రవరి పదకొండు, బుధవారం, పిల్లలు బడికి పోయే వేళకు.