అల్లుడి ఫ్లెక్సీ

ఏమండీ, మీరు పోయాక మనింట్లో మొదటి శుభవార్త. మన సుజాత కేసు గెలిచింది.

మనవరాలి ఖర్చులకు నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టిన మాజీ అల్లుడు చిరిగిన చొక్కాతో కోర్టుకొచ్చాడు. "కూలికి పోతున్న సార్, పైసల్లేవు" అన్నాడు. మన లాయరమ్మ, శ్రీరామనవమికి అతను దుమ్ముగూడెం సెంటర్లో కట్టించిన ఫ్లెక్సీ ఫోటో జడ్జిగారికిచ్చింది. కొత్త ట్రాక్టర్ పక్కన నల్ల కళ్లద్దాలతో అతనే, కింద 'ప్రముఖ కాంట్రాక్టర్' అని.

"దోస్తులు ఏసిండ్రు సార్."

"ట్రాక్టర్ కూడా దోస్తులే కొనిచ్చారా?" అన్నారు జడ్జిగారు. బాకీ మొత్తం నెలాఖరులోగా కట్టమన్నారు.

బయట నా మీద ఎగిరాడు. "నా ఇజ్జత్ తీసినవ్ అత్తా!"

"నేనేడ తీసిన బిడ్డా? నువ్వే సెంటర్ల కట్టించుకున్నవ్ గద!"

కేసు నడిచినంతసేపూ కోర్టు బెంచీ మీద నా పక్కన మీ గొడుగు పెట్టాను. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు.