విషం దిగే నీళ్ళు

2007 జూన్ 10, ఆదివారం

చంద్రగిరిలో బంధువుల పెళ్ళి. పంక్తిలో పక్కన కూర్చున్నాయన మా అమ్మాయి మహితను చూసి, పాపకు ఇంకా మాటలు రాలేదా అని అడిగాడు. వచ్చాయి, కానీ అవి బస్టాండ్ మాటలు అన్నాను. సరిగ్గా అప్పుడే మహిత "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి, చిత్తూరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పెళ్ళివారందరికీ చెప్పేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. మైకులో విన్నది గొంతుతో సహా దించేస్తుంది. ఆకలేస్తోందని మాత్రం చెప్పదు. నన్ను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. డాక్టర్ ఆటిజం అని చెప్పి మూడేళ్ళయింది.

ఆయన ఒక సంగతి చెప్పాడు. తిరుపతిలో కొత్తగా ఒక మిషన్ వచ్చిందట. కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంటే ఒంట్లో ఉన్న విషమంతా పాదాల్లోంచి దిగిపోతుందట. ఇలాంటి పిల్లలు దాంతో మాట్లాడుతున్నారట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ ధరణికి చెప్పాను. "కాళ్ళకీ మాటలకీ ఏం సంబంధం?" అంది. ఒకసారి చూస్తే ఏం పోతుంది అన్నాను. పోయేదేదో తర్వాత తెలుస్తుందిలే అని కిటికీ వైపు తిరిగింది.

జూన్ 16, శనివారం

వెళ్ళాం. మెడికల్ షాపు పైన మేడ మీద చిన్న గది. నడిపే అతని పేరు ధనంజయ. ఇంతకుముందు వాటర్ ఫిల్టర్లు అమ్మేవాడట. నవ్వుముఖం, మర్యాదస్థుడు. మిషన్ అంటే ఒక ప్లాస్టిక్ టబ్బు, గోరువెచ్చని ఉప్పునీళ్ళు, అందులో వాటర్ హీటర్ లాంటి ఇనుప చుట్ట, మణికట్టుకు ఒక బెల్టు. స్విచ్ వేస్తే గుయ్‌మని సన్నగా మోగుతుంది.

ఆ మోతకు మహిత చెవులు మూసుకుని తలుపు దగ్గరికి పరుగెత్తింది. భయం లేదని చూపించడానికి ముందు నేను కూర్చున్నాను. కాసేపటికి నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి, తర్వాత నారింజ, తర్వాత వానాకాలం కాలువ రంగు. పైన నురగ. ధనంజయ చేతులు రుద్దుకుంటూ, "సూడండి సార్, విషమంతా ఎట్ల దిగతా ఉండాదో!" అన్నాడు. గోడ మీద ఒక రంగుల చార్టు. ఈ రంగైతే లివర్, ఆ రంగైతే కీళ్ళు. నాది లివరట. "పాపకంటే మీకే ముందు కావాల సార్ ఇది" అన్నాడు. ధరణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

కానీ ఆ నీళ్ళు! కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళలో నాకు ఏ డాక్టరూ ఇలా కళ్ళకు కట్టినట్టు చూపించలేదు.

జూన్ 17

పుత్తూరు నుంచి అత్త తాయమ్మ ఫోన్. అంత దూరం పోయి నీళ్ళలో కాళ్ళు పెట్టేదానికంటే మా ఊరికి తీసుకొచ్చి, విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు కట్టించొచ్చు గదా అంది. మాటకు కట్టు ఎక్కడ కడతారత్తా అంటే ఆలోచించి చెబుతానంది.

జూన్ 23, శనివారం

మహిత కాళ్ళు పెట్టింది! మోత వినపడకుండా తలకు తువ్వాలు చుట్టాం. చిన్న మునీశ్వరుడిలా కూర్చుని నీళ్ళు రంగు మారడం రెప్ప వేయకుండా చూసింది. ఇంటికి వచ్చాక చాలాసేపు తన పాదాలకేసి చూసుకుంది. నేను కూడా చూశాను.

సెంటర్లో చిత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన మునిలక్ష్మి అనే ఆమె పరిచయమైంది. వాళ్ళ అబ్బాయి వంశీకి పదేళ్ళు. మాటల్లేవు, కాళ్ళు నిలవవు. గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటాడు. ఆమె అన్నం మూట విప్పి అడగకుండానే మాకూ పెట్టింది. "మీ పాప వాడిని సూసి నవ్వతా ఉండాదన్నా" అంది. నేను గమనించనే లేదు. నేను నీళ్ళు చూస్తున్నాను.

జూన్ 30

గొడవ. మహిత మంగళవారాలు వెళ్ళే స్పీచ్ క్లాసు విషం దిగేదాకా ఆపితే మంచిదని ధనంజయ అన్నాడు. రెండూ ఒకేసారి పడవట. సరేనన్నాను. ధరణి బస్సులో మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడలేదు. పడుకునే ముందు మాత్రం, "దానికి మాట నేర్పేవాళ్ళని ఆపేసి మాట రావాలంటే ఎట్లండీ?" అంది. ఇక అంతే.

జూలై 5

ఇంకా మాటల్లేవు. ఇంట్లో ఇద్దరు మాట్లాడని ఆడవాళ్ళు. మాట్లాడేది నేనొక్కడినే.

జూలై 8, ఆదివారం

రాయకుండా ఉండలేను. ధరణి పనిచేసే పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ వరదయ్య గారు సతీసమేతంగా మా ఇంటికి వచ్చారు. ధరణి కాఫీ తెచ్చింది. ఆయన డబరాలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి పోసుకుంటున్నారు. మహిత వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ ధారను పరీక్షగా చూసింది. చూసి, అచ్చం ధనంజయ గొంతుతో, చేతులు రుద్దుకుంటూ, "సూడండి సార్, విషమంతా ఎట్ల దిగతా ఉండాదో!" అంది.

వరదయ్య గారు గ్లాసు కింద పెట్టేశారు.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి, ధరణి నేలమీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ. నాతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. మొదటి మాట: "ఇంక ఆయన నాకు ట్రాన్స్‌ఫర్ రాసేస్తాడు."

జూలై 11

మహిత రసం చూసి అదే మాట. చింతపండు పులుసు చూసి అదే మాట. నిన్న వాన పడి వీధి కాలువ పారితే గేటు పట్టుకుని అదే మాట.

ధరణి అసలు స్పీచ్ క్లాసు మానిపించనే లేదట! నాకు తెలియకుండా ప్రతి మంగళవారం తీసుకెళ్తూనే ఉందట. నిన్న టీచర్ వేదవల్లి గారికి ఇదంతా చెబితే, ఆమె ఎగిరి గంతేసినంత పని చేసిందట. ఇది ఊరికే చిలకపలుకు కాదు, గోధుమరంగు నీళ్ళు చూసినప్పుడే ఆ మాట వాడుతోంది, తను చూసింది మనకు చూపించాలనుకుంటోంది అందట.

నాకు కోపం రావాలి. రాలేదు. సంతోషం ఎక్కువైపోయింది. చూశావా, మిషన్ పని చేస్తోంది అన్నాను. ధరణి నన్ను చూసిన చూపును ఇక్కడ రాయలేను.

జూలై 21, శనివారం

సెంటర్లో ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మహిత టబ్బులో కాళ్ళు పెట్టి కూర్చుంది. ధనంజయ స్విచ్ వేసి, ఫోన్ వస్తే వరండాలోకి వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర పేపర్ చదువుతున్నాను. మునిలక్ష్మి మా కోసం వాళ్ళ చేలో కాసిన సొరకాయ తెచ్చి సంచిలో పెట్టింది. నీళ్ళు చల్లారినట్టున్నాయి, మహిత కాళ్ళు తీసేసింది. బెల్టు విప్పింది. సంచిలోంచి సొరకాయ తీసి టబ్బులో నిలబెట్టి, దాని మెడకు బెల్టు కట్టింది. పక్కన కూర్చుని చూడసాగింది. మునిలక్ష్మి చూసింది, ధరణి చూసింది, ఇద్దరూ ఆపలేదు.

ధనంజయ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే తిరిగొచ్చి, టబ్బు అంచున ఉన్న నీళ్ళు మాత్రం చూసి, "అబ్బా, ఈరోజు బాగా దిగింది సార్. అంతా లివర్దే" అన్నాడు.

"సామీ," అంది మునిలక్ష్మి. "మా సొరకాయకి లివర్ యాడుంటాది?"

అప్పుడు చూశాం అందరం. అదే రంగు. అదే నురగ.

ధనంజయ ఫోన్ జేబులో పెట్టేశాడు. సొరకాయ తీసి పక్కన పెట్టి, కొత్త నీళ్ళు పోసి, ఉప్పు వేసి, ఎవరూ కాళ్ళు పెట్టకుండా స్విచ్ వేశాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. పసుపు. నారింజ. కాలువ రంగు. ఇనుప చుట్టను పైకెత్తి వేలితో గీకాడు. తుప్పు. అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. "నేను దినామూ పొద్దున్నే షుగర్‌కని కాళ్ళు పెడతా ఉండాను సార్. మా అమ్మకీ పెట్టిస్తా ఉండాను" అన్నాడు. అతనూ నమ్మినవాడే.

ఆ రంగును నేను నా కూతురి మౌనం అనుకున్నాను. కరిగి బయటికి పోతోందనుకున్నాను. ప్రతి శనివారం దాన్ని బకెట్‌లో తీసుకెళ్ళి పారబోస్తుంటే నా గుండె తేలికయ్యేది. తుప్పు పారబోశాను.

మునిలక్ష్మి ఆపకుండా నవ్వుతోంది. ఆమెను చూసి వంశీ నిలబడిపోయాడు. వాడిని చూసి మహిత నవ్వింది. ఇక ధరణి. చివరికి ధనంజయ కూడా. నేను ఆఖరున నవ్వాను, కానీ నవ్వాను.

జూలై 22

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. సొరకాయ కూర బాగుంది.

జూలై 24, మంగళవారం

సెలవు పెట్టి మొదటిసారి స్పీచ్ క్లాసుకు నేనూ వెళ్ళాను. వేదవల్లి గారు చిన్నపిల్ల, మద్రాసులో చదివిందట. నన్ను నేలమీద కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉండగలరా సార్ అంది. ఉండలేరు అంది ధరణి. ఉన్నాను. 'చెప్పమ్మా, చెప్పమ్మా' అనకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు. మహిత నా చుట్టూ తిరిగింది. నా గడియారం లాగింది. తర్వాత ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, నా చేతిని కుండ వైపు తోసింది. నీళ్ళు ముంచి ఇచ్చాను. తాగింది.

ఇది రోజూ చేస్తుందండీ అని ధరణి అంది. ఎవరితో అని అడిగాను. మీరు పేపర్ చదువుతుంటే నాతో అంది.

ఆగస్టు 4, శనివారం

పొద్దున్నే తలుపు కొడితే మునిలక్ష్మి. పక్కన వంశీ. "శనివారమైతే వీడు బస్సెక్కాలని ఏడస్తాడన్నా. సెంటర్ మూసేసినారు. యాడికి పోయేది? మీ ఇంటికొచ్చేసినాం" అంది. మంచి పని చేశారు అన్నాం. మిద్దె మీద పిల్లలిద్దరూ. వంశీ ఈ గోడ నుంచి ఆ గోడకు. మహిత వాడికి ఎదురుగా నిలబడి, వాడు దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఏడవ నంబరు ప్లాట్‌ఫారం" అంటుంది. వాడు వెనక్కి తిరుగుతాడు. ఇద్దరికీ ఎంత సంతోషమో. ఇలా ఆడుకోవచ్చని ఎవరు నేర్పారో.

ధనంజయ మళ్ళీ ఫిల్టర్లే అమ్ముతున్నాడు. సాయంత్రం వచ్చి మా ఇంటికి ఒకటి బిగించి పోయాడు. వద్దంటే వినలేదు. నీళ్ళు తేటగానే వస్తున్నాయి.

ఆగస్టు 24, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

నైవేద్యానికి చేసిన ఓళిగల్లో రెండు పూజకు ముందే మాయం. ఎవరు తిన్నారమ్మా అని ధరణి అడిగింది. మహిత మూతి నిండా పూర్ణం. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇది మైకులో విన్నది కాదు, ఎవరి గొంతూ కాదు. "వంశీ" అంది.

వంశీ చిత్తూరు దగ్గర వాళ్ళ పల్లెలో ఉన్నాడు.

పూజ ఆపి పుత్తూరుకు ఫోన్ చేశాం. అత్తా, మా కూతురు అబద్ధం చెప్పింది.