ఇంకొకరు చదివినారు పాపా

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ధర్మవరంలో మన మగ్గం ఆపేసి, నీ ఫొటో ముందు ఆకు వేసి వడ్డించాం. వంకాయ కూర నీకిష్టమైనట్టు కారంగానే చేశాను. నీ ఫోను మాత్రం ఇంకా చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకని అడిగేవాళ్లు అడగనీ.

గుండెజబ్బుల మీద నువ్వు రాసిన పరిశోధన పేపర్లను ఏ డాక్టరైనా తన పేపర్లో ప్రస్తావిస్తే నీకు మెయిల్ వచ్చేది కదా. వెంటనే హిందూపురం ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ చేసి, "ఇంకొకరు చదివినారు పాపా" అని మురిసిపోయేవాడివి. మనింట్లో ఎవరికీ అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే.

ఈ రోజు వడ్డన పూర్తయిందో లేదో, నీ ఫోను టింగుమంది. అదే మెయిల్.

"ఏమంట పాపా?" అంది అవ్వ.

"ఎవరో అన్నను తలుచుకున్నారవ్వా."

"యాడోళ్లు?"

"యాడోళ్లో. దూరదేశమోళ్లు."

అవ్వ నీ ఆకు వైపు చూసింది. పొలమారినవాడికి తట్టినట్టు, ఫొటోలో నీ నెత్తిన మెల్లగా తట్టింది.

"నిదానంగా తినప్పా," అంటూ నీళ్ల చెంబు నీ దగ్గరికి జరిపింది.