పల్లవి పోయిన పాట

జనవరి 14, 1983. శుక్రవారం. మఫ్రఖ్ లేబర్ క్యాంపు

సత్యమన్న మళ్ళీ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. కౌబాయ్ పిక్చర్లో వేసుకున్న బూట్లు. టోపీ, తుపాకీ పిక్చర్ కంపెనీ వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. బూట్లు మాత్రం ఇంకెవరి కాలికీ పట్టక వదిలేశారట. ఇక్కడ ఎడారిలో నీళ్ళ ట్యాంకర్ కూడా వాటితోనే నడుపుతాడు. ముదీర్, అంటే మా మేనేజర్, చూసి, "యే క్యా హై?" అన్నాడు. "హీరో కా జూతా హై, సాబ్." ముదీర్ నవ్వలేదు.

మూడు పిక్చర్ల హీరో మా ట్యాంకర్ డ్రైవర్ అని మా గదికి తప్ప క్యాంపులో ఎవరికీ తెలియదు. చెప్పినా నమ్మరు.

జనవరి 16

అన్నాల దగ్గర మా గదిలోని హన్మాండ్లు పట్టుబట్టాడు — "గుర్రం ముచ్చట ఇంకొక్కసారి చెప్పరాదే అన్నా."

చెప్పాడు. మద్రాసులో జట్కా లాగే గుర్రాన్నే పిక్చర్లోకి తెచ్చారు. రోడ్డు పక్కన ఎవరు చెయ్యెత్తినా ఆగడం దానికి అలవాటు. "విలన్ రెండు చేతులూ పైకెత్తాడండీ. ఇది తిన్నగా వెళ్ళి అతని ముందు ఆగింది, బేరం దొరికిందని. నేనేమో పైన రాగం తీస్తున్నాను."

వందోసారి విన్నా నవ్వే. హన్మాండ్లుకు పొలమారింది.

జనవరి 21, శుక్రవారం

స్నానం చేశాడు, తల దువ్వుకున్నాడు, తలుపు మూసి తన క్యాసెట్ పెట్టాడు. వారానికి ఒక్కసారే. టేపు అరిగిపోతుందని భయం.

ఆయన మొదట పాడింది నాటకాల్లో పద్యాలు… తర్వాత మద్రాసు. పేరున్న గాయకుణ్ణి పెట్టుకునే తాహతు లేని ప్రొడ్యూసర్ — "నాటకాల వాడివేగా, నీ పాట నువ్వే పాడుకో." అలా సొంత గొంతుతో పాడే కౌబాయ్ అయ్యాడు. రాగం సాగదీస్తే డైరెక్టర్ కేకలు — "ఒరేయ్ సత్యం, నువ్వున్నది గుర్రం మీద, రథం మీద కాదు." మొదటి పిక్చర్ బాగా ఆడింది. రెండోది ఫరవాలేదు. మూడోది పూర్తయి కూడా విడుదల కాలేదు. ఈలోగా జనానికి గుర్రాల మోజు తీరిపోయింది.

ఆ మూడోదాని పాటే ఈ క్యాసెట్లో ఉన్నది. సౌండు మనిషి జాలిపడి ఎక్కించి ఇచ్చాడట. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఇసుకలో దారి తప్పిన రౌతు పాట. వింటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది.

"మార్చి ఆఖర్లో ఊరెళ్తాను కదండీ రాజన్నా, మా అమ్మాయికి వినిపించాలి. మా నాన్న హీరో అంటే బళ్ళో నవ్వుతున్నారంట. ఇది వింటే చాలండి."

ఫిబ్రవరి 3

పొద్దుటి నుంచీ హడావిడి. హన్మాండ్లు చెల్లె పెళ్ళికి ఊరికి పోతున్నాడు. ఊళ్ళో మా ఇద్దరివీ పక్క పక్క ఇళ్ళే. గదిలో అందరం క్యాసెట్లలోకి ఉత్తరాలు మాట్లాడాం. నా భార్య భూలక్ష్మికి చదువు రాదు, నేను రాస్తే ఊళ్ళో ఎవరో చదివి పెట్టాలి. ఇదైతే నా మాట నేరుగా ఆమె చెవినే పడుతుంది.

కొత్త క్యాసెట్లు అయిపోయాయి. దుమ్ము పడకుండా అందరివీ దాచే బిస్కెట్ డబ్బాలోంచి పేరు రాయని పాతది ఒకటి తీశాను. పాటల క్యాసెట్ వెనక అంచున ప్లాస్టిక్ ముక్కలు విరిచి ఉంటాయి, మళ్ళీ రికార్డు కాకుండా. ఆ గుంటల మీద ప్లాస్టర్ అంటిస్తే మళ్ళీ రికార్డు అవుతుంది. గదిలో అందరం చేసేదే. అంటించాను, మొదలుపెట్టాను. బయట టాక్సీ హారన్, "యల్లా, యల్లా" అని డ్రైవర్ తొందర… రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. అసలు చెప్పాలనుకున్నది చెప్పనే లేదు.

ఫిబ్రవరి 4, శుక్రవారం

పాట క్యాసెట్ డబ్బాలో లేదు. సత్యమన్న మంచం కింద వెతికాడు, దిండు గలేబు తిరగేశాడు.

"మీద ఏమీ రాయలేదండీ. ఎవరైనా చూసి ఎకసెక్కం చేస్తారని. వెనక ముక్కలు కూడా నేనే విరిచాను, చెరిగిపోకుండా."

నా చేతిలో చాయ్ గ్లాసు. నేను ఊరికి పంపింది అదేనని అర్థమైంది. చెప్పలేదు. పైగా ఆయనతో కలిసి నేనూ వెతికాను. సిగ్గులేని జన్మ.

ఫిబ్రవరి 11, శుక్రవారం

దుబాయ్ వెళ్ళొచ్చాను. నైఫ్ బజార్లో ఒక్క క్యాసెట్ దుకాణం కూడా వదల్లేదు. విడుదల కాని పిక్చర్ పాట దుకాణంలో ఎలా ఉంటుంది? తెలుసు. అయినా వెళ్ళాను.

ఒకతను అడిగాడు, "హీరో కౌన్?"

"సత్యం."

"కౌన్ సత్యం?"

బస్సులో వస్తుంటే ఆ మాటే.

ఫిబ్రవరి 13

చెప్పేశాను. నేను పనిచేసే స్టోర్ దగ్గర ఆయన ట్యాంకర్ దిగుతుంటే — "అన్నా, నీ క్యాసెట్ నేనే ఖరాబు చేసిన. దాని మీద మాట్లాడి మా ఇంటికి తోలిన. తెల్వక చేసిన, కాళ్ళు మొక్కుత."

వంగి టైరులో గాలి చూశాడు.

"మళ్ళీ పాడు అన్నా. కొత్త క్యాసెట్ తెచ్చిన."

"ఆ గొంతు ఎక్కడిదండీ ఇప్పుడు. ఇసుక తినేసింది." ఆగి, "పోన్లెండి. మీరు కావాలని చేశారా."

ఉత్త 'మీరు' అన్నాడు. ఎప్పటిలా 'రాజన్నా' అనలేదు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 14

రోజూ స్టోర్ ముందు ఆ పాట దరువులో హారన్ కొట్టేవాడు. ఇవాళ కొట్టలేదు.

ఫిబ్రవరి 22

ఈరోజూ లేదు. గదిలో గుర్రం ముచ్చట అడిగే ధైర్యం ఎవరికీ లేదు. శుక్రవారాలు బూట్లకు పాలిష్ కూడా లేదు. 

మార్చి 11, శుక్రవారం

హన్మాండ్లు తిరిగొచ్చాడు. అప్పాలు, మామిడికాయ తొక్కు, భూలక్ష్మి జవాబు క్యాసెట్. అందరి ముందే పెట్టాను. మా గదిలో దాపరికం లేదు.

"ఇగో, ఇంటున్నవా? మంచిగున్నం. నువ్వు రెండు ముక్కలు మాట్లాడి ఊకున్నవు, అటెన్క ఎవలో పాట పాడిండు. అర్ధం పాటనే ఉన్నది. అబ్బ, ఏం గొంతయ్యా అది… మీ అమ్మ దినాం పెట్టుమంటది. వాడకట్టు పిల్లలందరికీ నోటికొచ్చింది. ఇను—"

పిల్లలు. పదిమందో, పాతికమందో. తలా ఒక శ్రుతి.

గుర్రమలసిపోయినా దారి అలసిపోదులే…

ఆఖరి చరణం. నేను రెండు నిమిషాలే మాట్లాడాను కదా! చెరిగింది మొదటి సగమే.

మళ్ళీ భూలక్ష్మి — "మొదలు ఎట్లుంటదని పిల్లలు పానం తింటుర్రు. ఆ పాడినాయన్ని అడిగి తోలు."

సత్యమన్న లేచి టేపు వెనక్కి తిప్పాడు. విన్నాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి ఒక పిల్లవాడు రాగం తప్పిన చోట వేలెత్తాడు, అక్కడే ఉండి సరిదిద్దేవాడిలా.

కళ్ళు తుడుచుకోలేదు. అలాగే నా వైపు తిరిగాడు.

"నా పిక్చర్ రిలీజైందండీ, రాజన్నా."

నేను ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గెందుకు.

మార్చి 12

హారన్ కొట్టాడు. ముదీర్ బయటికొచ్చి అరిచాడు. ఇంకోసారి కొట్టాడు.

మార్చి 18, శుక్రవారం

కొత్త క్యాసెట్ పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఎర్ర బటన్ నేనే నొక్కాను. గొంతు సవరించుకున్నాడు… మళ్ళీ సవరించుకున్నాడు. టేపు తిరుగుతూనే ఉంది. ఏమీ పాడలేదు.

"ఈ డబ్బా ముందు రాదండీ. మనుషులుండాలి."

అన్నాను, "అయితే మా ఊరికి పో అన్నా. బొంబాయిల రైలెక్కు, మీ ఇంటికి పొయ్యే ముందే దిగు. పిల్లల ముందట పాడు. ఆ సగం క్యాసెట్ తీస్కపోయి బిడ్డకు ఇయ్యి."

"పాడలేకపోతేనండీ? పిల్లలు అంత బాగా ఊహించుకున్నారు పాపం."



మార్చి 24

దారి గీసి ఇమ్మన్నాడు. గీశాను — ఏ స్టేషన్లో దిగాలి, ఏ బస్సు, ఎక్కడ మలుపు, మా ఇంటి గుర్తు. నిలబడే చదివాడు, పెదవులు కదుపుతూ.

మార్చి 27

వెళ్ళిపోయాడు. పాలిష్ పెట్టిన బూట్లతో. విమానం దగ్గరికి హన్మాండ్లూ నేనూ వెళ్ళాం. గట్టిగా వాటేసుకున్నాడు. మా ఊరికి పోతావా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మార్చి 28

ఆయన మంచం సర్దుతుంటే దిండు కింద నేను గీసిచ్చిన కాగితం. నాలుగు మడతలు పెట్టి, అలాగే ఉంది.

మరిచిపోయాడా… వద్దనుకున్నాడా?

నాటకాల మనిషి. ఒక్కసారి చదివితే కంఠతా వస్తుంది. అంతే అయి ఉంటుంది.