బొటనవేలి గీత

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అక్కడ నువ్వు, నాన్న, చెల్లి క్షేమమని నమ్ముతున్నాను. చెల్లీ, ఈ ఉత్తరం అమ్మకి నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఎవరైనా వస్తే మడిచి పక్కన పెట్టి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టు. ఒక్క మాట కూడా వదలకు.

పోయిన ఉత్తరంలో నువ్వు నాలుగు సంగతులు అడిగావమ్మా. నాన్న మోకాలికి మందు దొరికింది, పంపుతున్నాను. రాస్తే మంట పుడుతుంది, ఆయన ఇల్లు పీకి పందిరేస్తారు, అయినా రెండు పూటలా రాయి. చెల్లికి కళ్ళజోడు పెడితే పెళ్ళికి అడ్డమని ఇరుగుపొరుగు అంటున్నారన్నావు. పెళ్ళికొడుకు సంగతి తర్వాత, ముందు దానికి నల్లబల్ల కనబడాలి కదా. పెట్టించు. నేను చిక్కిపోయానా అని అడిగావు, లేదు. నాలుగో ప్రశ్నకు జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. దాన్ని చివర చెబుతాను. ముందు ఇక్కడి సంగతులు చెప్పకపోతే అది నీకు అర్థం కాదు.

నేనూ పిన్నీ పనిచేసేది లాండ్రీ అని నీకు తెలుసు, లోపలి వరస ఎప్పుడూ చెప్పలేదు. ముందు గదిలో నేను. వచ్చిన మూటలకు చీటీలు కట్టి పుస్తకంలో రాస్తాను. మధ్య గదిలో ఇస్త్రీ వాళ్ళు, అందరూ ఈ ఊరివాళ్ళే. వెనక షెడ్డులో ఉతికేవాళ్ళు, అందరూ మనలా బయటినుంచి వచ్చినవాళ్ళు. హోటల్ దుప్పట్లకు తెల్ల చీటీ, ఆసుపత్రి దుప్పట్లకు ఎర్ర చీటీ. ఎర్ర చీటీ మూటను ఊరివాళ్ళు ముట్టుకోరు. ముట్టుకోవద్దని ఎక్కడా రాసి లేదు, అయినా ముట్టుకోరు. నెత్తురూ చీమూ అంటిన ఆ గుడ్డలు విప్పేది పిన్ని. చీటీ కట్టి ఆమె దగ్గరికి తోసేది నేను.

నన్ను ఎక్కడిదానివని ఇక్కడ ఎవరూ అడగలేదు. వీళ్ళ భాష నాకు బడిలోనే వచ్చింది కదా, నా మాట విని ఈ ఊరిదాన్నే అనుకున్నారు. నేను కాదనలేదు. పిన్నికి మన మాట తప్ప మరొకటి రాదు. అందుకే పనికి వెళ్ళేటప్పుడు, "నువ్వు ముందు నడువే పిల్లా, నేను వెనక వస్తా. మనిద్దరం కలిసి కనబడితే నీ కుర్చీ ఊడుతుంది" అనేది. రోజూ అట్లాగే నడిచాం.

ఈ ఏడు జ్వరం వచ్చింది. ఉత్త జ్వరం కాదు, ఊపిరి ఆడనివ్వని జ్వరం. ఎక్కడినుంచి వచ్చిందో డాక్టర్లకు తెలియలేదు గాని మా వీధికి వారంలో తెలిసిపోయింది. బయటివాళ్ళు తెచ్చారట. కొట్టువాడు మన వాళ్ళకు సరుకులు చేతికివ్వడం మానేసి గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. మన వాళ్ళు నీళ్ళు పట్టుకున్నాక ఊరివాళ్ళు కుళాయిని సబ్బు పెట్టి తోమేవాళ్ళు. ఇస్త్రీ గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఏడాది పొడుగునా దగ్గుతాడని అందరూ ఆయన్ని పొగబండి అంటారు. ఆయన దగ్గితే ఎవరో ఒకరు వేడినీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. పిన్ని దగ్గితే నడవ ఖాళీ అయ్యేది. పిన్ని దాన్ని కూడా నవ్వులాటకే తీసుకుంది. "ఆయనది జలుబు, నాది జబ్బు. దగ్గుక్కూడా ఊరూ వాడా ఉంటాయే పిల్లా" అంది.

ఇస్త్రీ ఆడవాళ్ళు నా బల్ల దగ్గర చేరి మాట్లాడుకునేవాళ్ళు.

"ఒక్క గదిలో పదిమంది పడుకుంటారటమ్మా."

"పడుకోవడం సరే, తిన్న గిన్నె కడగరట! నాకితే సరిపోతుందట."

"నిజమా? ఛీ" అన్నాను నేను. నిజంగానే అన్నానమ్మా. మా గదిలో పిన్ని తోమిన గిన్నెలో మొహం కనబడుతుంది. ఆ గిన్నెలోనే పొద్దున తిని వచ్చాను.

ఒకరోజు మా మేనేజరు నన్ను పిలిచాడు. "చదువుకున్నదానివి, చక్కగా రాస్తావు. బయటోళ్ళ జాబితా ఒకటి రాసియ్యి. దగ్గేవాళ్ళ పేరు పక్కన గీత పెట్టు. ఆరోగ్యశాఖ వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు.

ముప్ఫై ఒక్క పేర్లు రాశాను. బడిలో బహుమతి తెచ్చిన గుండ్రటి చేతిరాతే. ముప్ఫై రెండోది నాది కావాలి, రాయలేదు. పన్నెండోది పిన్నిది. పక్కన గీత పెట్టాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడుగుతారని భయం. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. భయపడ్డానంతే.

మర్నాడు పొద్దున్నే ఆరోగ్యశాఖ మనుషులు ఇద్దరు మా గదికి వచ్చారు. వాళ్ళ వెనక ఇంటావిడ, ఆమె వెనక సగం వీధి. ఇంటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్నే అడిగింది.

"ఈవిడ నీకేమవుతుందమ్మా?"

"ఏమీ కాదండీ. గదిలో వాటాకి ఉంటోంది."

"నిన్ను చూస్తే మంచింటి పిల్లలా ఉన్నావు. ఇలాంటివాళ్ళతో ఏం ఖర్మ నీకు!"

పిన్ని అప్పుడు మూట కట్టుకుంటోంది. తల ఎత్తకుండా, వీళ్ళ భాషలో, "అవును. ఈ పిల్ల ఎవరో నాకు తెలీదు" అంది. ఆ భాషలో ఆమె తప్పు లేకుండా మాట్లాడిన మొదటి వాక్యం అదేనమ్మా. ఎప్పుడు నేర్చుకుందో, ఎన్నాళ్ళనుంచి దాచుకుందో. రాసుకునేవాడు పుస్తకంలో బంధువుల గడిలో 'లేరు' అని రాశాడు. ఆమె పక్కబట్టను ఇంటావిడ కర్రతో ఎత్తి వీధిలో వేసి తగలబెట్టింది. అంటుకోకపోతే నేనే కిరసనాయిలు తెచ్చి ఇచ్చాను.

ఊరి బయట పాత గోదాములో పెట్టారు వాళ్ళను. జబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు, అందరూ ఒక్క చోటే. ఆరో రోజు వెళ్ళాను. కంచెకు ఇవతల నేను, అవతల ఆమె.

"ఇంత దూరం ఎందుకొచ్చావే? ఎవరైనా చూస్తే?"

"ఎవరూ చూడరు పిన్నీ. ఏమైనా తిన్నావా?"

"తిన్నాలే. అక్కకి ఉత్తరం రాయాలి కదా, బాగున్నానని రాయి. కాగితం, సిరా తేలేదు కదా, ఎప్పుడూ కింద నేను వేసే వేలిముద్ర ఈసారి నువ్వే వేసెయ్. అక్కకి అక్షరమ్ముక్క రాదు, ఏం తెలుస్తుంది!" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. చూడలేక వచ్చేశాను.

ఆమె చెప్పినట్టే చేశాను. 'నేను బాగున్నాను అక్కా' అని రాసి, నా బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాను. ఇరవై రోజులకు మరో ఉత్తరం వేశాను. రెండోది వేసేనాటికి పిన్ని లేదు.

చెల్లీ, ఇక్కడ ఆపకు. అమ్మ ఏడిస్తే ఏడవనీ. చదువు.

ఎవరూ నాకు కబురు చెప్పలేదమ్మా, బంధువులు లేరని నేనే చెప్పాను కదా. గోదాము దుప్పట్లు కూడా మా లాండ్రీకే వస్తాయి. ఒకరోజు చీటీ కడుతుంటే మూటలోంచి ఒక రవిక చెయ్యి బయటికి వేలాడింది. చంక కింద నీలం గుడ్డతో వేసిన మాసిక. ఆ మాసిక వేసింది నేనే. పోయినవాళ్ళ బట్టలు ఉతికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇస్తారట. బల్ల దగ్గర ఇస్త్రీ ఆడవాళ్ళు ఉన్నారు. ఆ చేతిని మూటలోకి తోసి, ఎర్ర చీటీ కట్టి, వెనక్కి పంపాను.

తర్వాత మేనేజరుకు పరీక్షల కాగితాలు వచ్చాయి. వాటిని వరసగా పెట్టే పని నాదే. గోదాములోకి వెళ్ళిన రోజు పిన్నికి ఆ జబ్బు లేదు. ఆ దగ్గు షెడ్డులో బ్లీచింగు ఘాటుది. జబ్బు గోదాములోనే అంటుకుంది. జబ్బు ముందునుంచీ ఉన్నది పొగబండికి. ఆయన ఇంట్లోనే పడుకున్నాడు, వీధివాళ్ళు గుమ్మంలో పాలు పెట్టి వెళ్ళారు. ఇప్పుడు కులాసాగా పనికి వస్తున్నాడు. కాగితాలు చూపిస్తే మేనేజరు, "సరేలే, ఫైల్లో పెట్టు" అన్నాడు. పెట్టాను.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. 'నా చెల్లెలి బొటనవేలి మీద అడ్డగీత ఉండాలి. రెండు ఉత్తరాలనుంచి ముద్రలో ఆ గీత లేదు, గాయం మానిందా?' అని రాయించావు. నాకు పదో తరగతి పరీక్షని, నా బదులు గడ్డి కోయడానికి వెళ్ళి కొడవలితో తెగ్గోసుకున్న వేలు అది. 'దీని చేతికి కొడవలి ఇవ్వకక్కా' అని అదే వేలు నీకు చూపించింది. గాయం మానలేదమ్మా. ముద్ర నాది. ఇన్ని చదువులు చదివి అబద్ధం రాస్తే, నువ్వు ఒక్క గీత చూసి పట్టుకున్నావు.

ఇంకొకటి ఉంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళు రెండు నెలల్లోపు వచ్చి చెప్పుకుంటే చితాభస్మం డబ్బా ఇస్తారని గోదాము గేటుకు కాగితం అంటించారు. నిన్నటితో గడువు అయిపోయింది. నిన్న వెళ్ళాను. దారి పొడుగునా 'మా అమ్మ చెల్లెలు' అని వల్లె వేసుకుంటూనే వెళ్ళాను. కిటికీలో గుమాస్తా తల ఎత్తి, "ఏం కావాలమ్మా? మీది ఏ ఊరు?" అన్నాడు. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు.

"లాండ్రీ నుంచి వచ్చానండీ. మూటల కోసం" అన్నాను.

"అవతల గుమ్మం దగ్గర ఉన్నాయి, తీసుకెళ్ళు" అన్నాడు.

మూడు మూటలు తీసుకొచ్చాను. మూడింటికీ ఎర్ర చీటీ కట్టాను. పిన్నిని తీసుకురాలేదు.

చెల్లీ, ఇది విన్నాక అమ్మ ఏమంటే అదే రాసి పంపు. అక్క బాధపడుతుందని మాటలు మెత్తబరచకు. ఆ పని మన ఇంట్లో నేనొక్కదాన్ని చేసింది చాలు.

అమ్మా, ఈసారి కింద ముద్ర కోసం వెతకకు, లేదు.

ఇట్లు,
నీ చెల్లెల్ని ఎవరో అన్న
నీ పెద్ద కూతురు