గడియారం సరిగ్గా నడిచిన కల

హాంకాక్,
నవంబరు 9

చిట్టితల్లి కైసాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. మంచు ఇంకా కిటికీ అంచు దాటలేదు కాబట్టి ఊరూ క్షేమమే. నీ ఉత్తరం సోమవారం అందింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు పర్వాలేదు. ఆవిరిగది పొయ్యి బాగుచేయించాను. నువ్విచ్చిన కలల పుస్తకం రెండోది కూడా అయిపోవచ్చింది. నువ్వు చెప్పినట్టే కళ్లు తెరవగానే, కాలు నేల మీద పెట్టకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే రాస్తున్నాను. మాట్లాడటానికి పిల్లి తప్ప ఎవరున్నారులే. కుడి పేజీలో కల, ఎడమ పేజీ కథ కోసం ఖాళీ.

మొన్న లైబ్రరీలో మా కలల బృందానికి ఏలకుల రొట్టె చేసి పట్టుకెళ్లాను. పెద్ద చేపొకటి నా పాత టపా సంచి తగిలించుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచిన కల చదివితే విల్మా ఊరుకుంటుందా?

"ముప్పై ఏళ్లు నువ్వు పంచింది చాల్లేదా ఇర్యా? పాపం, ఆ చేపచేత కూడా పంచిస్తున్నావు," అంది.

"నీ కలలో అయితే అది గుమ్మం గుమ్మం దగ్గరా కబుర్లేసుకుని కూర్చునేది," అన్నాను. అందరూ నవ్వారు. ఆ చేప మీద కథ మొదలుపెట్టాను, ఆరు పేజీలయింది.

ఇక నీ అసలు ప్రశ్న. నేను పంపిన కలల్లోంచి నాన్న కనిపించిన కలను నీ నవలకు చివరి అధ్యాయం చేస్తానన్నావు. కలలో గడియారం రెండోసారి చూస్తే అంకెలు మారిపోతాయి కదా, ఈ కలలో మాత్రం రెండుసార్లూ పావు తక్కువ నాలుగే ఎందుకుందని అడిగావు. పదిహేనో ఏటి నుంచీ కలలు రాస్తున్నదానివి, నీ కళ్లు కప్పగలనా?

అది కల కాదు తల్లీ. ఆ గడియారం ఆసుపత్రి గోడది. ఆ రోజు మంగళవారం. నాన్న బఠాణీ సూప్ రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకు నెట్టాడు.

"కైసాకి ఫోన్ చెయ్యవే. దాని కథలు బాగుంటాయని ఎప్పుడూ అనలేదు నేను. అనాలి," అన్నాడు.

"రేపూ ఎల్లుండీ దానికి పరీక్షలు ఐనో. శుక్రవారం చేద్దాంలే," అన్నాను.

"సరే, నీ ఇష్టం," అని కళ్లు మూసుకున్నాడు. గురువారం పొద్దున్నే పోయాడు.

ముప్పై ఏళ్లు గాలివానల్లో, మంచులో ఊరందరి ఉత్తరాలూ చేరవేసినదాన్ని, మన ఇంటి మాట ఒక్కటి నీకు చేర్చలేకపోయాను. చెప్పే ధైర్యం లేక మూడేళ్లు దాచాను. చివరికి కల పేరు పెట్టి పంపాను. ఆయన మాట నీకు చేరాలి, నా తప్పు మాత్రం చేరకూడదనుకున్నాను. అది పిరికితనం. కోపం వస్తే కోప్పడు, పడతాను.

ఆ కల రాసిన పేజీని నా పుస్తకంలోంచి చింపి దీనితో పంపుతున్నాను. నవలలో దాన్ని కలగా రాయకు. మీ నాన్న నిద్రలో లేడు, నేనూ నిద్రలో లేను. కళ్లద్దాలు పెట్టుకుని, పూర్తి తెలివితో అన్నాడు, నీ కథలు బాగుంటాయని.

ఇట్లు,
శుక్రవారం ఉందనుకున్న
మీ అమ్మ